బాటసారికి బాట

ఉద్దేశం

పూర్వం మన సమాజం దూరదేశాలకు నడిచి వెళ్ళే యాత్రికుని అవసరాలను గుర్తించి, బాట వెంట నీడ, నీరు, విశ్రాంతి సమకూర్చింది. నేడు ప్రతిదినం బడికి, పనికి, సంతకు నడిచి వెళ్ళేవారికి, సైకిలుపై సాగేవారికి చిన్న పట్టణాలలో అట్టి వసతి కొరవడుతున్నది. కాలిబాట, సైకిలు బాట ఎందుకు అవసరమో, అవి ఎట్లా ఉండాలో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో దారికి పేర్లు అనేకం: బాట, త్రోవ, తెరువు, డొంక, మార్గం, పథం. దారిలో పోయేవానికీ పేర్లు తక్కువ కావు. బాటసారి, తెరువరి, పథికుడు, పాంథుడు అనే మాటలు మన కావ్యాలలో తరచుగా కనబడతాయి. ఈ మాటలు వాడుకలో స్థిరపడిన కాలంలో బాట అంటే మనిషి నడిచేది, ఎద్దుబండి సాగేది. ఇప్పుడు 'రోడ్డు' అనగానే మన మనస్సులో మెదిలేవి లారీలు, బస్సులు, మోటారు సైకిళ్ళు. నడిచేవాడు ఆ దృశ్యంలో ఒక పక్కకు ఒదిగిపోయాడు. ఎవరి పాదాల కింద బాట పుట్టిందో, వారికే బాటలో చోటు లేని స్థితి ఎట్లా దాపురించింది? దానిని సరిదిద్దడం ఎట్లా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి నంద్యాల జిల్లా అనువైన ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి ఏర్పడిన ఈ జిల్లాకు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండలు ఉన్నాయి. నడుమ కుందూ నది ప్రవహిస్తుంది. ఎర్రమల కొండల చెంత ఉన్న అవుకు ఒక మండల కేంద్రం. శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ, గాలేరు-నగరి సుజల స్రవంతి పథకాలతో ముడిపడిన జలాశయం ఆ ఊరికి గుర్తింపు తెచ్చింది. అవుకు మహానగరం కాదు, మారుమూల పల్లె కూడా కాదు. చుట్టుపక్కల పల్లెల వారు బడికి, ఆసుపత్రికి, అంగడికి, ప్రభుత్వ కార్యాలయానికి వచ్చిపోయే మధ్యతరగతి ఊరు. ఇట్టి ఊళ్ళలో దూరాలు తక్కువ. చాలా పనులు నడకతోనో సైకిలుతోనో నెరవేరేవే. అయినప్పటికీ కాలిబాటను గూర్చిన ఆలోచన నగరాలకే పరిమితమైనట్లు మనం భావిస్తున్నాం.

ఈ భావన మన సంప్రదాయానికి విరుద్ధం. ఈ సీమలోనే ఉన్న ఎర్రగుడి శిలాశాసనాలు అశోక చక్రవర్తి కాలం నాటివి. మనుష్యులకు, పశువులకు ఉపయోగపడేటట్లు దారుల వెంట బావులు తవ్వించినట్లు, చెట్లు నాటించినట్లు అశోకుని రెండవ శిలాశాసనం తెలుపుతుంది. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలోనే ఒక చక్రవర్తి బాటసారి దాహాన్ని, ఎండలో అతడు పడే శ్రమను రాజధర్మంలో భాగంగా పరిగణించాడన్నమాట.

తరువాతి కాలంలో ఈ ధర్మం తీర్థయాత్రలతో పెనవేసుకొన్నది. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం తరలివెళ్ళే భక్తజన సమూహాలను విస్తారంగా వర్ణించాడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైల, అహోబిల క్షేత్రాలకు సోపానాలు నిర్మింపజేశాడు. ఎర్రన 'హరివంశము'ను అంకితం పొందిన ప్రభువు ఇతడే. మన పూర్వులు సప్తసంతానాలుగా పేర్కొన్న వాటిలో తటాకం ఉంది, వనం ఉంది, దేవాలయం ఉంది, కృతి ఉంది. బాట మాత్రం లేదు. అయినా కృతిభర్తగా సాహిత్య చరిత్రలో నిలిచిన ఆ రాజు మెట్లు కట్టించినవాడుగా కూడా చరిత్రలో నిలిచాడు. బాట నిర్మాణానికి ప్రజల స్మృతిలో లభించిన గౌరవానికి ఇది తార్కాణం.

1830, 1831 సంవత్సరాలలో చెన్నపట్నం నుండి కాశీకి పోయి తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన 'కాశీయాత్ర చరిత్ర'లో అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా సాగిన ప్రయాణాన్ని నమోదు చేశాడు. ఏ మజిలీ ఎట్లా ఉన్నది, దారి ఎట్లాంటిది, దిగడానికి వసతి ఉన్నదా అనే వివరాలకు ఆయన ఎంతో ప్రాధాన్యమిచ్చాడు. నడిచేవారికీ, బోయీలు మోసే సవారీలో వెళ్ళేవారికీ దారిలోని వసతి ప్రాణంతో సమానమని ఆ గ్రంథం చదివితే తెలుస్తుంది.

ఆ సంప్రదాయం నేటికీ సజీవంగానే ఉంది. ఉగాదికి కన్నడ దేశం నుండి వచ్చే భక్తులు వెంకటాపురం మీదుగా నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం దాటి నల్లమల అరణ్యమధ్యంలో శ్రీశైలానికి నడిచి వెళతారు. వారి కోసం దాతలు దారిలో అన్నదానం చేస్తారు, చలివేంద్రాలు నెలకొల్పుతారు. ఆళ్ళగడ్డ సమీపంలోని అహోబిలంలో కనుమ నాడు పారువేట ఉత్సవం ఆరంభమవుతుంది. స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన గ్రామాలలో సంచరిస్తుంది. పల్లకి ప్రవేశించే ప్రతి ఊరూ దారిని శుభ్రం చేసి, ముగ్గులు వేసి ఎదురేగుతుంది. తిరుమలకు పోయే అలిపిరి నడకదారిలో సుమారు 3,550 మెట్లు ఉన్నాయి. అక్కడ ఎండకు, వానకు పైకప్పు, త్రాగునీరు, మరుగుదొడ్లు, దీపాలు, కూర్చోవడానికి అరుగులు కనబడతాయి. నడిచేవానికి ఏమేమి కావాలో మనకు తెలియదని ఎవరూ అనలేరు. తెలుసు, ఆచరణలో చూపించాం కూడా.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. సంవత్సరానికి ఒకసారి కొండకు నడిచే భక్తునికి మనం సమకూర్చిన నీడ, నీరు, భద్రత ప్రతిదినం పుస్తకాల సంచితో బడికి నడిచే బాలికకు ఎందుకు సమకూర్చలేదు? తెల్లవారుజామున పాలు పోయడానికి సైకిలుపై వచ్చే రైతుకు, మందుల కోసం ఆసుపత్రికి నడిచే వృద్ధురాలికి ఎందుకు లేదు? వారూ బాటసారులే. వారి ప్రయాణమూ ఒక యాత్రే. అది నిత్యయాత్ర కావడం చేతనే మన దృష్టికి ఆనడం లేదు.

ఈ ఉపేక్షకు మూల్యం ప్రాణాలతో చెల్లిస్తున్నాం. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే సగటున రోజుకు సుమారు 90 మంది నడుస్తూనే మృత్యువాత పడ్డారు. వీరు వాహనం నడపలేదు, వేగం పెంచలేదు. దారి దాటుతూనో, దారి పక్కన నడుస్తూనో ప్రాణం కోల్పోయారు. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. అంతమంది వాడే వాహనానికి మన వీధులలో ప్రత్యేకమైన చోటు చాలా అరుదు.

ఈ స్థితి మారరానిదేమీ కాదు. సైకిళ్ళ దేశంగా నేడు ప్రసిద్ధికెక్కిన నెదర్లాండ్స్ ఒకప్పుడు మోటారు కార్ల కోసం తన వీధులను విశాలం చేసుకొన్న దేశమే. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులు, పౌరులు 'శిశుహత్యలు ఆపండి' అనే నినాదంతో ఉద్యమించారు. 1973 నాటి చమురు సంక్షోభం వారి వాదానికి బలం చేకూర్చింది. తరువాతి దశాబ్దాలలో సైకిళ్ళకు వేరు బాటలు, నివాస వీధులలో వేగ పరిమితులు ఏర్పడ్డాయి. దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగొటాలో 1974లో ఒక వినూత్న ప్రయత్నం మొదలైంది. ఆదివారాలు, సెలవు దినాలలో కొన్ని గంటల పాటు ప్రధాన వీధులను మోటారు వాహనాలకు మూసివేసి నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి అప్పగిస్తారు. నేడు ఆ వీధుల పొడవు 120 కిలోమీటర్లకు పైమాటే.

మన దేశంలోనూ సైకిలు సాంఘిక పరివర్తనకు సాధనమైన ఉదాహరణలు ఉన్నాయి. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల ప్రారంభంలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ మహిళలు సైకిలు తొక్కడం నేర్చుకొన్నారు. ఇతరులపై ఆధారపడకుండా పనికి, బజారుకు వెళ్ళగలగడం వారికి అక్షరంతో సమానమైన స్వేచ్ఛ నిచ్చింది. బీహారు ప్రభుత్వం 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు ఇచ్చే పథకం చేపట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకాన్ని పరిశీలించి, బాలికల చేరిక సుమారు 30 శాతం పెరిగిందని నిరూపించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 'బడికొస్తా' పేరిట ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచింది. సైకిలు ఇవ్వడం సగం పని. ఆ సైకిలు భయం లేకుండా సాగే బాట ఇవ్వడం మిగిలిన సగం.

2023 అక్టోబరు 1న హైదరాబాదులో బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకాల పైకప్పుతో ఒక సైకిలు బాట ప్రారంభమైంది. పైకప్పు నీడనిస్తుంది, విద్యుత్తునూ ఉత్పత్తి చేస్తుంది. ప్రశంసనీయమైన ప్రయత్నమే. కాని నగరపు అంచున వ్యాయామానికి తోడ్పడే బాట వేరు, ఇంటినీ బడినీ, ఇంటినీ అంగడినీ కలిపే బాట వేరు. చిన్న పట్టణానికి ముందుగా కావలసింది రెండవ రకపు బాట.

అట్టి బాట ఎట్లా ఉండాలి? మొదటి లక్షణం అవిచ్ఛిన్నత. వంద గజాలు సాగి, స్తంభం వద్దనో మురుగుకాలువ వద్దనో ఆగిపోయే కాలిబాట బాట కాదు. నడిచేవాడు అక్కడ రోడ్డు మీదికి దిగవలసి వస్తే అతని భద్రత అక్కడే ముగుస్తుంది. రెండవది వైశాల్యం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం కాలిబాటకు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలిగేంత చోటు అది. మూడవది నీడ. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ కాసే ఈ సీమలో నీడ లేని బాటను మధ్యాహ్నం ఎవరూ వాడలేరు. ఉత్తర దక్షిణాలుగా సాగే బాటకు పడమటి పక్కన వేప, కానుగ, చింత వంటి చెట్లు నాటితే సాయంకాలపు ఎండ నుండి రక్షణ కలుగుతుంది. నాలుగవది వెలుతురు. చీకటి పడిన తరువాత స్త్రీలు, పిల్లలు నిర్భయంగా నడవడానికి దీపాలు తప్పనిసరి. ఐదవది వేగ నియంత్రణ. పాదచారులు, సైకిళ్ళు, మోటారు వాహనాలు కలిసి సాగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020 ఫిబ్రవరిలో వెలువడిన స్టాక్‌హోం ప్రకటన సూచించింది. ఇరుకు వీధిలో వేరుగా బాట వేయలేకపోయినా, బడి ముందు, ఆసుపత్రి ముందు వేగం తగ్గిస్తే ఆ వీధే అందరికీ బాట అవుతుంది.

అవుకు వంటి ఊరికి ఈ పనులకు కావలసిన వనరులు చేరువలోనే ఉన్నాయి. బేతంచెర్ల, బనగానపల్లె ప్రాంతాలు నాపరాళ్ళకు ప్రసిద్ధి. నునుపు చేయని నాపరాయి పరిస్తే తడిసినప్పుడు కాలు జారదు. ఒక బండ పగిలితే దానిని మాత్రమే తీసి మరొకటి అమర్చవచ్చు. కాలువ గట్లపై పర్యవేక్షణ కోసం ఉంచే దారులను, నీటిపారుదల శాఖ అనుమతితో, తగిన రక్షణ కంచెలతో నడకకు, సైకిళ్ళకు అనువుగా తీర్చవచ్చు. పొలాల నడుమ ఆక్రమణకు గురికాకుండా మిగిలిన డొంకలను కాపాడుకొంటే పల్లె నుండి మండల కేంద్రానికి దగ్గరి దారి దొరుకుతుంది. నంద్యాల, మహానంది పరిసరాలలోని నవనందులను కార్తికమాసంలో ఒకే దినాన దర్శించే ఆచారం ఉంది. ఆ క్షేత్రాలను కలిపే దారుల వెంట సైకిలు బాట ఏర్పడితే, కార్తికంలో భక్తునికి ఉపకరించే ఆ బాట మిగిలిన పదకొండు నెలలూ విద్యార్థికి, వ్యవసాయ కూలీకి ఉపకరిస్తుంది. యాత్రకూ నిత్యజీవనానికీ ఒకే బాట చాలు.

ఇందుకు ఎదురయ్యే అభ్యంతరాలు లేకపోలేదు. కాలిబాటపై బతుకు వెళ్ళదీసే చిరువ్యాపారుల మాటేమిటని కొందరు ప్రశ్నిస్తారు. న్యాయమైన ప్రశ్న. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి, వ్యాపారాన్ని క్రమబద్ధం చేయడానికి 2014లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. పండ్లబండికి ఒక చోటు, నడిచే కాలికి ఒక చోటు నిర్ణయించడమే ఆ సమస్యకు పరిష్కారం. ఇద్దరిలో ఒకరిని వెళ్ళగొట్టడం పరిష్కారం కాదు. నిజానికి నడిచేవాడు ఆగి కొంటాడు, వాహనంలో పోయేవాడు దాటిపోతాడు. మంచి కాలిబాట చిరువ్యాపారికి మేలే చేస్తుంది. మరికొందరు నిధుల కొరతను ప్రస్తావిస్తారు. మోటారు వాహనాల కోసం రోడ్డు వెడల్పు చేసేటప్పుడే అంచనాలో కాలిబాటను చేర్చితే అయ్యే అదనపు వ్యయం స్వల్పం. తరువాత విడిగా చేపడితే అది భారం.

ఇది దయాధర్మానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, హక్కుకు సంబంధించినది. వాహనాల కదలిక కంటె మనుషుల కదలిక ముఖ్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. పాదచారులకు, దివ్యాంగులకు అనువైన, ఆటంకాలు లేని కాలిబాట రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రాజ్యాంగం 11వ షెడ్యూలు రోడ్లను, కల్వర్టులను పంచాయతీల పరిధికి చేరే అంశాలలో పేర్కొన్నది. కనుక గ్రామసభలో కాలిబాటను గూర్చి అడిగే పౌరుడు ఉపకారం కోరడం లేదు, తనకు చెందినదాన్ని అడుగుతున్నాడు.

ఊరి ప్రగతిని కొలవడానికి మేడలు, వాహనాలు లెక్కించనక్కరలేదు. పదేళ్ళ బాలిక ఒంటరిగా బడికి నడిచిపోగలదా? డెబ్బై ఏళ్ళ వృద్ధుడు చేయూత లేకుండా వీధి దాటగలడా? ఈ రెండు ప్రశ్నలకు 'అవును' అని బదులు చెప్పగలిగిన ఊరే నాగరికమైన ఊరు. కొండకు మెట్లు కట్టిన జాతికి వీధికి బాట వేయడం అసాధ్యమైన పని కాదు.

కఠిన పదాలు – అర్థాలు

తెరువరి, పాంథుడు = బాటసారి
డొంక = పొలాల మధ్య బండ్లు, పశువులు పోయే దారి
సోపానం = మెట్టు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు, బస
సవారీ = మనుషులు మోసే పల్లకి వంటి వాహనం
తార్కాణం = నిదర్శనం
ఉపేక్ష = పట్టించుకోకపోవడం
అవిచ్ఛిన్నత = తెగకుండా కొనసాగడం
సప్తసంతానాలు = కీర్తిని నిలిపే ఏడు: పుత్రుడు, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, తటాకం, కృతి

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బాటసారుల సౌకర్యానికి పూర్వులు చేసిన కృషిని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. చిన్న పట్టణంలో మంచి కాలిబాటకు ఉండవలసిన లక్షణాలను చర్చించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. నెదర్లాండ్స్‌లో వచ్చిన మార్పునకు కారణాలేవి?
2. సైకిలు స్త్రీల జీవితాలలో తెచ్చిన మార్పును తెలపండి.
3. చిరువ్యాపారుల సమస్యకు రచయిత సూచించిన పరిష్కారం ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి
1. అది నిత్యయాత్ర కావడం చేతనే మన దృష్టికి ఆనడం లేదు.
2. సైకిలు ఇవ్వడం సగం పని.
3. తనకు చెందినదాన్ని అడుగుతున్నాడు.

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. శ్రీశైల, అహోబిలాలకు సోపానాలు నిర్మింపజేసిన రాజు ఎవరు?
2. 'కాశీయాత్ర చరిత్ర' కర్త ఎవరు?
3. కాలిబాటకు ఉండవలసిన కనీస వెడల్పు ఎంత?

V. భాషాంశాలు
సంధులు: జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి; ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
సమాసాలు: నవనందులు = తొమ్మిదైన నందులు – ద్విగు సమాసం; అరణ్యమధ్యం = అరణ్యం యొక్క మధ్యం – షష్ఠీ తత్పురుష సమాసం; రాజధర్మం = రాజు యొక్క ధర్మం – షష్ఠీ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ ఇంటి నుండి కళాశాల వరకు ఉన్న దారిని పటంగా గీయండి. నీడ లేని చోట్లు, కాలిబాట తెగిపోయిన చోట్లు, దాటడానికి కష్టమైన కూడళ్ళు అందులో గుర్తించండి. మీ పరిశీలనలను వినతిపత్రంగా రాసి, గ్రామసభకు లేదా పురపాలక సంఘానికి సమర్పించండి.